వంత ఇవ్వని జముకు

నేను ఒక జముకును. మీలో చాలామందికి నా పేరు తెలియదని నాకు తెలుసు, మొహమాటపడకండి. పనసచెక్కను తొలిచి చేసిన బోలు ఒళ్లు, అడుగున మేకతోలు, తోలు నడుమ నుంచి బయటికి లాగిన నరం, ఆ నరం చివర పట్టుకోవడానికి చిన్న కర్రముక్క. ఇంతే నేను. చంకలో ఇరికించుకుని నరాన్ని లాగుతూ మీటితే జుంయ్ జుంయ్‌మని మూలుగుతాను. చూడ్డానికి అడుగూడిన కుంచంలా ఉంటానని ఒకాయన అన్నాడు. ఆయన మొహం ఎలా ఉందో నేను అనలేదు, అది నా సంస్కారం.

నన్ను చేసింది పార్వతీపురం పక్క పల్లెలో ఉండే సింహాద్రి. చేసింది తన కోసం కాదు, అక్క తవిటమ్మ కోసం. ఆవిడ జముకుల కథలు పాడేది. మా జట్టులో ఒక కట్టుబాటు ఉంది. పాడేవాళ్లు ఒక ముక్క పాడి ఆగాలి. వెనక నిలబడ్డవాళ్లు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని “అవునోలమ్మా” అని అందుకోవాలి. దాన్నే వంత అంటారు. వంత పడితేనే కథ ముందుకి నడుస్తుంది, లేకపోతే రాజు గుర్రం మీదే, రాణి గుమ్మంలోనే. తవిటమ్మకి వంత ఇచ్చేది తమ్ముడే. ఇంకెవరి నోట వచ్చినా ఆవిడకి వంతలా వినిపించేది కాదు.

సింహాద్రి విషజ్వరంతో పోయాడు. తవిటమ్మ నన్ను దూలానికి తగిలించేసింది. తల్లి అప్పటికే లేని అతని కూతురు డిల్లీశ్వరిని మాత్రం కిందనే ఉంచుకుని పెంచింది. ఆ పిల్లకి పిచ్చంతా నా మీదే. స్టూలెక్కి నన్ను దింపేది, దొంగతనంగా మీటేది, వీపు మీద ఒకటి తినేది, మర్నాడు మళ్లీ స్టూలెక్కేది. పెద్దదైంది, గొంతు తండ్రిది వచ్చింది. ఒకరోజు అత్త ఎదురుగా కూర్చుని పాడింది. వంత పడాల్సిన చోట ఆగి అత్త మొహం వైపు చూసింది. తవిటమ్మ చేటలో బియ్యం ఏరుతూనే ఉంది, తలెత్తలేదు.

“ఒక్క మారు అనరాదేటి అత్తా?”

“వంత మీ అయ్యతోనే ఎలిపోనాది.”

“అయితే ఒకర్తినే పాడుకుంతాను.”

“వంత లేకండా పాడితే అది పాట కాదే గుంటా, ఏడుపు,” అంది తవిటమ్మ. అని నన్ను దింపి పిల్ల ఒళ్లో పడేసింది. “తీసుకుపో. మూలనుండడానికి ముసల్దాన్ని నేనొకర్తిని సాలు.”

అలా నేను విశాఖపట్నం చేరాను. డిల్లీశ్వరి పగలు ఒక బట్టలకొట్లో చీరలు మడతపెట్టేది, సాయంత్రం పాటలు కట్టేది. అవి రాజుల కథలు కావు. హాస్టలు సాంబారు మీద, ఫ్యాక్టరీ గాలికి దగ్గే పేట మీద, తూకంలో మోసపోయిన చేపలమ్మ మీద. కథ పాడే జోరుకి మూడింతల జోరు, మధ్యలో అరుపులు. ఇమ్మానుయేలు అనే, చర్చి పాటల్లో పెరిగిన కుర్రాడు గిటారుతో జత కలిశాడు. అతనే వంత కూడా అందుకున్నాడు. మొదట్లో “అవునోలమ్మా”ని స్తోత్రంలా లాగేవాడు, తర్వాత దారిలో పడ్డాడు. ఇద్దరూ కాలేజీల్లో, కాఫీహోటళ్లలో, బీచ్ రోడ్డు గట్ల మీద పాడారు. దాన్ని ఫోక్ పంక్ అన్నారు. ఎవరినో తిడుతున్నారనుకున్నాను. పల్లెపాటకి కోపమొస్తే ఆ పేరట.

గదికి నాలుగువైపులా బొంతలు వేలాడదీసి వాళ్ల పాటలు వాళ్లే రికార్డు చేసుకున్నారు. ఒక పాటలో పక్కింటి కుక్కరు కూత పడింది. వినేవాళ్లు దాన్ని సరికొత్త ప్రయోగమని మెచ్చుకున్నారు. ఆ కుక్కరుకి పేరు రాలేదని నాకిప్పటికీ బాధే.

ఒక సినిమా సంగీతం ఆయన కబురు పెట్టాడు. బాణీ బాగుంది, మాటలు కాస్త మెత్తబరిచి, ఆ కుంచంలాంటిది తీసేస్తే పెద్ద పాటవుతుందన్నాడు. “మాటలు మెత్తగుంటే నాకు పళ్లెందుకండీ?” అంది డిల్లీశ్వరి. ఆవిడ మీద నాకున్న గౌరవం ఆరోజు రెట్టింపయింది, అందులో నా స్వార్థం లేదని చెప్పను. ఇమ్మానుయేలు మాత్రం ఆయన ఫోన్ నంబరు రాసుకున్నాడు. పెళ్లి కుదిరాక హైదరాబాదులో అలాంటి సినిమా పాటలకే వాయించే పనికి వెళ్లిపోయాడు. తప్పుపట్టలేం, కడుపుకి వంత అక్కర్లేదు కదా. వెళ్తూ వెళ్తూ తన “అవునోలమ్మా”ని ఒక చిన్న పెట్టెలో రికార్డు చేసి ఇచ్చాడు. కాలితో నొక్కితే పలుకుతుంది.

అక్కడి నుంచి ఆవిడ ఒక్కతే. గిటారు లేని లోటు తీరాలని నా మేకనరం పీకేసి ఇమ్మానుయేలు వదిలేసిన ఉక్కుతీగ కట్టింది. నేను ఉరిమాను, నిజమే. కానీ ఉక్కుకీ తోలుకీ పొత్తు కుదరదు. ప్రతి మీటుకీ నా నడుము కొంచెం కొంచెం కోసుకుపోయేది. ఆవిడ గొంతు కూడా అలాగే అరిగిపోతోందని నాకనిపించేది. వచ్చే జనం తగ్గారు. అయినా ఊరెళ్లినప్పుడల్లా అత్తని “ఒక్క మారు” అని అడగడం మాత్రం మానలేదు. అత్త వినపడనట్టు ఉండేది. చివరికి ఈవిడే విసిగి అడగడం మానేసింది.

మానేసిన ఏడాదే తవిటమ్మ వచ్చింది. పొరుగింటి అసిరమ్మని తోడు తెచ్చుకుని, చెప్పాపెట్టకుండా, ఒక గ్రంథాలయం హాల్లో పాట ఉందని తెలుసుకుని వచ్చి ముందువరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. పెట్టెలో దాచుకున్న చీర కట్టింది, వీపు నిటారుగా పెట్టింది. అత్తని చూడగానే డిల్లీశ్వరి అనుకున్న పాట పక్కన పెట్టేసింది. తండ్రి మీద కట్టిన పాట ఎత్తుకుంది. ఆ పాట ఎప్పుడూ కళ్లు మూసుకునే పాడుతుంది.

మొదటి ముక్క అయింది, ఆగింది. నేను చంకలో ఉన్నాను, నా నోరు జనం వైపే. అంతా చూశాను. తవిటమ్మ చెయ్యి మెల్లగా లేచి చెవి దగ్గరికి వెళ్లింది. రొమ్ము నిండా ఊపిరి పీల్చింది. పెదాలు విడివడ్డాయి.

డిల్లీశ్వరి కళ్లు మూసుకునే కుడికాలితో పెట్టెని నొక్కింది. “అవునోలమ్మా” అంది పెట్టె.

తవిటమ్మ నోరు మూసుకుంది. రెండో ముక్కకి మళ్లీ చెయ్యెత్తింది, ఈసారీ ఆ పెట్టె ముందే పలికేసింది. మూడోసారి ఆ చెయ్యి ఒళ్లోంచి లేవలేదు. జనం చప్పట్లు కొట్టారు.

“ఎలాగుంది అత్తా?” అని పరుగెత్తుకొచ్చింది ఈవిడ.

“బాగుందే గుంటా. ఆ పెట్టి ఒక్క మారు కూడా తప్పలేదు.”

ఈవిడ పొంగిపోయింది. మా అత్త మెచ్చుకుందని కనబడినవాళ్లందరికీ చెప్పుకుంది. ముందే ఒక మాట చెబితే తవిటమ్మ సొమ్మేం పోయేది? ఒక్కసారి కళ్లు తెరిస్తే డిల్లీశ్వరికి ఏం పోయేది? మనుషులకి నోరూ కళ్లూ ఇచ్చి దేవుడు వృథా చేశాడని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

వానలు పడ్డాక తవిటమ్మ నిద్దట్లోనే పోయింది. దినం నాడు అసిరమ్మ డిల్లీశ్వరి పక్కన కూలబడి, ఉన్నమాట చెప్పేసింది.

“మీ అత్త ఆ రోజు పాట ఇనడానికి రాలేదమ్మా. నీకు వంత ఇద్దారని వచ్చినాది. నెల్లాళ్లు మా పశువులశాలలో నిలబడి అవునోలమ్మా అవునోలమ్మా అని గొంతు సరిసేసుకున్నాది. మా గేదొకటే ఇనీది. ఆ పెట్టి వంత ఇచ్చీసినాది కదా, మరింక నానెందుకని ఊరుకున్నాది.”

డిల్లీశ్వరి ఏడవలేదు. తన కుడికాలి వైపు చూసుకుంటూ ఉండిపోయింది, వంట చల్లారిపోయి ఎవరో వచ్చి లేపేదాకా.

తర్వాతి పాటకి పెట్టె తీసుకెళ్లలేదు. అదే పాట, ఈసారి కళ్లు తెరుచుకుని పాడింది. మొదటి ముక్క దగ్గర ఆగింది.  ముందువరసలో, అప్పుడు అత్త కూర్చున్న వైపే, ఎవరో కాలేజీ పిల్ల కూర్చుని ఉంది. ఆ కుర్చీ వైపే చూస్తూ నన్ను ఒక్క మీటు మీటింది. ఆ మీటుకి ఉక్కుతీగ నా తోలుని నిలువునా చీల్చేసింది. నన్ను కిందపెట్టి వట్టి గొంతుతో పాడింది. మళ్లీ ఆగినప్పుడు జనానికి జాలేసి, వెనకనుంచి ఒకరిద్దరు “అవునోలమ్మా” అని అందుకోబోయారు. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

“వద్దు బాబూ. ఆ సోటు మాయత్తది.”

ఇప్పుడు ఆవిడ పాటల్లో జనం ఎక్కువగా వింటున్నది ఆ రోజు ఎవరో రికార్డు చేసిన ఆ పాటే. వంత పడాల్సిన చోట ఖాళీలు విని, రికార్డింగు మధ్యలో పాడైందని కొందరు రాస్తారట. నాకు కొత్త తోలు వేయించమని స్నేహితులు చెప్పారు. ఒక మ్యూజియం ఆయన అద్దాల బీరువాలో పెడతానన్నాడు. రెండింటికీ ఒప్పుకోలేదు. నేను ఆవిడ గదిలో మేకుకి వేలాడుతున్నాను.

కొట్టునుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, నా ఎదురుగా నేలమీద కూర్చుంటుంది. ఒక ముక్క పాడి ఆగి నా వైపు చూస్తుంది. నాకు నోరైతే పెద్దదే ఉంది, పలికే తోలే లేదు. కాసేపు చూసి తర్వాతి ముక్క తనే అందుకుంటుంది.

వంత లేకుండా పాడితే అది ఏడుపని తవిటమ్మ అంది. రోజూ వింటున్నాను. ఆవిడ అబద్ధం చెప్పలేదు.