చెక్ చేశాం మేడమ్

మిక్సర్ల రొదలో సూపర్‌వైజరు అరిచాడు "కోల్డ్ రూమ్ చెక్ చెయ్!" అని. అవతల ట్రేలు కడుగుతున్న అతని బామ్మర్దికి వినబడింది మాత్రం "చెక్కెయ్!" అని. బేకరీలో చేరాక బావ నోట ఇంత చక్కటి మాట వాడెప్పుడూ వినలేదు. ఏప్రన్ మేకుకి తగిలించి చక్కగా చెక్కేశాడు.

తెల్లారేసరికి కోల్డ్ రూమ్ ఆగిపోయి, హోటల్ వాళ్ళ కోసం చేసిన కేకుల మీది క్రీమంతా కారి నేలపాలైంది.

'వీడికి ఉద్యోగం వేయించినందుకు నా చెప్పుతో నన్నే కొట్టుకోవాలి,' అనుకున్నాడు సూపర్‌వైజరు. వీణ్ణి ఇవాళే సాగనంపాలి. లేకపోతే తన కుర్చీకే ఎసరు. ఇంట్లో భార్యకి ముఖమెలా చూపించాలన్నది తర్వాతి సంగతి. అసలు ఈ బేకరీ మొత్తానికి బుర్ర ఒక్కటే ఉందనీ, అది తన టోపీ కిందే ఉందనీ అతని గట్టి నమ్మకం.

యజమానురాలు వచ్చి, కారిన క్రీము వంక చూసింది. "నిన్న ఎవరూ చెక్ చెయ్యలేదా?"

"అయ్యో, చేశా మేడమ్," అన్నాడు ఎలక్ట్రీషియన్. "స్విచ్ వేసే ఉంది."

"నేనూ చేశా. తలుపు సరిగ్గా పడిందో లేదో నొక్కి మరీ చూశా," అంది ప్యాకింగ్ అక్క.

"వీళ్ళు చెక్ చేశారో లేదో నేను చెక్ చేశా," అన్నాడు సూపర్‌వైజరు ఛాతీ విరుచుకుని. "చెయ్యనిది వీడొక్కడే!"

"మరి లోపలున్న థర్మామీటరు?"

అందరూ తలుపు వంక చూశారు. దాని మీద సూపర్‌వైజరు స్వయంగా ఎర్ర సిరాతో రాసి అంటించిన కాగితమే జవాబు చెప్పింది: 'ఊరికే తెరిస్తే చల్లదనం పోతుంది. తెరిచినవాడి ఉద్యోగం కూడా.'

బామ్మర్ది తల గోక్కున్నాడు. "నువ్వే కదా బావా, చెక్కెయ్ అన్నావు?"

"చెక్ చెయ్ అన్నాన్రా, చెవిటి మేళం!"

బేకరీ అంతా గొల్లున నవ్వింది. యజమానురాలు మాత్రం నవ్వలేదు.

"వాడికి తప్పు వినబడింది, వెళ్ళిపోయాడు. మీకు సరిగ్గానే వినబడిందిగా, మీరేం ఊడబొడిచారు? చూడమంటే కళ్ళు కావాలి. చెక్ చెయ్యడానికి నోరుంటే చాలు, అంతేగా?" ఆమె ఆ కాగితం పీకి సూపర్‌వైజరు చేతిలో పెట్టింది. "వాడు ఉంటాడు. ఇకనించి రోజూ తలుపు తీసి చూసేది మీరు."

బామ్మర్ది ఎంతో మర్యాదగా తలుపు తెరిచి పట్టుకున్నాడు.

"చూడు బావా."