అరవై ఒకటో పెట్టె

గురువారం పొద్దున తొమ్మిదింటికల్లా గచ్చు తుడవడం, ఆరడం రెండూ అయిపోవాలి. తడి గచ్చు మీద పెడితే అట్టపెట్టెల అడుగు మెత్తబడుతుంది, ఎత్తేసరికి లోపలివన్నీ కిందికి జారతాయి. అందుకని బ్రష్షమ్మ ఎనిమిదింటికే వచ్చి, కిటికీలు తెరిచి, పొడుగాటి బల్ల తుడిచి, కుర్చీలు సర్ది, అప్పుడు గ్లౌజులు తొడుక్కుని అరల్లోంచి పెట్టెలు దించేది.

ఆవిడకీ ఓ పేరుంది, జీతం కాగితం మీద. కానీ ఇరవై ఆరేళ్లుగా ఎముకల్ని మెత్తటి పళ్ల బ్రష్షుతో కడిగి కడిగి భవనం మొత్తానికీ బ్రష్షమ్మ అయిపోయింది. ఆ పిలుపుకి మొదట్లో ఉడుక్కునేది. ఇప్పుడు అసలు పేరుతో పిలిస్తే వెనక్కి తిరిగి చూస్తుంది, ఎవర్ని పిలుస్తున్నారా అని.

ఆ భవనంలో నాలుగంతస్తులు, నాలుగు రకాల చదువులు. అన్నిటికన్నా పైన వాతావరణం వాళ్లు. వెయ్యేళ్ల నాటి మంచుని కడ్డీలుగా కోసి తెచ్చి, అప్పటి గాలి ఎలాంటిదో చూస్తారు, ఇప్పటి వానలూ వరదలూ ముందే చెప్తారు. వాళ్ల కింద నరాల వాళ్లు. కప్ప కాల్లోంచి దారప్పోగంత నరం తీసి, గాజు పళ్లెంలో పెట్టి దాన్ని ఉలిక్కిపడేలా చేస్తారు. వాళ్ల కింద విరుపుల సారు. ఇనుమైనా, గాజైనా, సిమెంటైనా ఎంత బరువుకి పుటుక్కుమంటుందో చూడటం ఆయన పని. అందరి బరువూ మోస్తున్నట్టు అడుగున ఎముకల గది. దొరికిన ఎముకలు ఎవరివో, ఆ మనిషి ఎలా పోయాడో తేల్చేది అక్కడే.

తేల్చడానికి కొలతలున్నాయి, పళ్ల లెక్కలున్నాయి, అతుక్కున్న పాత విరుగుళ్ల ఫోటోలున్నాయి. అవన్నీ అయ్యాక ఫారం చివర ఇంకో గడి ఉంటుంది. "వెచ్చబడినదా? అవును / కాదు." సొంతవాళ్లు చేతిలోకి తీసుకుంటే ఎముక వెచ్చబడుతుంది. ఎండలో పెట్టిన గిన్నెలా కాదు, నిద్రలేచిన పిల్లవాడి ఒంటిలా. నరాల వాళ్లు ఓసారి కిందికొచ్చి, పట్టుకున్నవాళ్ల వేళ్లకి తీగలు చుట్టి చూసి, "తేడా చేతిలో లేదు, ఎముకలోనే ఉంది" అని రాసిచ్చి కాఫీ తాగి వెళ్లిపోయారు. గడి మాత్రం ఫారంలో అలాగే ఉంది. ఆ గడిలో అవును పడితే తప్ప పెట్టె ఇవ్వరు.

ఆ ఎముకలు కడిగేవాళ్లకి రెండే నియమాలు, గోడ మీద పెద్దక్షరాలతో రాసి ఉంటాయి. ఒట్టి చేతులతో ముట్టుకోకూడదు. కడిగేటప్పుడు మాట్లాడకూడదు. మట్టి వదిలి మొదటిసారి నీళ్లు తగిలిన ఎముక పసిగుడ్డుతో సమానం, ఎవరి చెయ్యి తగిలితే, ఎవరి గొంతు వినబడితే వాళ్లకి అలవాటు పడిపోతుంది.

బ్రష్షమ్మ ఆ నియమం తప్పింది ఒక్కసారే. పన్నెండేళ్ల కిందట, వరద వచ్చిన ఏడు. నది తీశాక ఇసుక మేటల కిందనించి ఒక్క నెలలో తొంభై పెట్టెలు వచ్చి పడ్డాయి. గ్లౌజులు అయిపోయాయి. కొత్తవి తెప్పిస్తామంటూనే వారం గడిపారు. ఈలోగా అరవై ఒకటో పెట్టె తెరిచింది. ముందుపన్ను సగం విరిగి, ఏదో కొంటెపని చేసి దొరికిపోయి నవ్వుతున్నట్టుంది ఆ పుర్రె. కుడి ముంజేతి ఎముక ఎప్పుడో విరిగి అతుక్కుంది. బ్రష్షమ్మ కడుపు పండని మనిషి, ఇంట్లో పలకరించే దిక్కు లేదు. "ఎక్కడ పడ్డావురా బాబూ? చెట్టెక్కావా? అమ్మ తిట్టిందా?" అంటూ ఒట్టి చేతులతో, గోరువెచ్చని నీళ్లతో, సందు సందునా మట్టి తీస్తూ గంటసేపు కూచుంది. చివర్లో తుడిచి ఆరబెట్టబోతుంటే ఆ ముంజేతి ఎముక ఇంకా వెచ్చగానే ఉంది. నీళ్ల వేడి అనుకుంది. మర్నాడు ముట్టుకుంటే కూడా వెచ్చగానే ఉంది.

ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఉద్యోగం పోతుందని ఒక భయం. అదొక్కటే అయితే ఎప్పుడో చెప్పేసేది. ఈ లోకంలో తన చెయ్యి తగిలితే వెచ్చబడేది ఒకటుంది కదా అనే ఆశ, అది పట్టుకుంది నోరు.

ఆ గురువారం ఆవిడ పెట్టె దించుతుండగానే విరుపుల సారు ట్రాలీ తోసుకుంటూ వచ్చారు.

"ఏం బ్రష్షమ్మా, అరవై ఒకటి సిద్ధమేనా? పన్నెండేళ్ల గడువు ఇవాళ్టితో సరి. పన్నెండు గంటలకి నాకిచ్చెయ్యాలని కాగితం కూడా వచ్చింది."

"ఇంకా తొమ్మిదేగా సారూ. అప్పుడే ట్రాలీ ఎందుకు, పెళ్లివారు వచ్చినట్టు?"

"నన్ను కసాయివాణ్ణి చూసినట్టు చూడకమ్మా. దెబ్బ పడితే ఎముక ఎలా విరుగుతుందో, పడిపోతే ఎలా విరుగుతుందో తేడా తెలియాలా వద్దా? రేపెవరినో చంపి మెట్ల మీంచి జారాడని చెప్తే, కాదని ఎవరు చెప్పాలి? నా యంత్రమేగా."

ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. అందుకే బ్రష్షమ్మ ఆయన్ని తిట్టలేక, పెట్టె బల్ల మీదకి మోసుకెళ్లింది.

తొమ్మిదిన్నరకి కుట్టుపని ఆవిడ వచ్చింది. మెడలో ఎప్పటిలాగే కొలతల టేపు. పన్నెండేళ్ల కిందట మొదటిసారి వచ్చినప్పుడు, ఎముకల డాక్టరమ్మ ఇంకా కాగితాలు తిప్పుతుండగానే, ఈవిడ మెడలోంచి టేపు తీసి తొడ ఎముకకి ఆనించి చూసి, "మావాడే. నేను కుట్టిన ప్యాంట్లేగా తొడిగేవాడు" అంది. ఆ తర్వాత పన్ను సరిపోయింది, ముంజేతి విరుగుడు సరిపోయింది. కాగితాలన్నీ మీవాడే అన్నాయి. చేతిలో పెడితే ఎముక చల్లగా ఉండిపోయింది.

అలా జరగడం కొత్తేం కాదు. పోయినవాళ్లకి కోపం ఉంటే కొన్నాళ్లు వెచ్చబడరు. గురువారం గురువారం వచ్చి పట్టుకుంటే మెల్లిగా దిగొస్తారు. డాక్టరమ్మ అదే చెప్పింది. ఆ మాట వినగానే ఈవిడ తలొంచుకుంది, ఎందుకంటే కోపానికి కారణం ఈవిడకి తెలుసు. వరద వచ్చిన రోజు నదవతల ఇంట్లో బట్టలు అందించి రమ్మని కొడుకుని పంపింది ఈవిడే. వాన ఎక్కువగా ఉందే అని వాడంటే, "నువ్వేం బెల్లమ్ముక్కవా, కరిగిపోవడానికి?" అంది. తర్వాత ఒకరోజు నాలుగో అంతస్తుకి ఎక్కి వెళ్లి, వరద వస్తుందని ఎప్పుడు తెలిసింది బాబూ అని అడిగింది. మూడింటికి తెలిసింది, రేడియోలో కూడా చెప్పించాం అన్నారు వాళ్లు. ఈవిడ వాణ్ణి పంపింది నాలుగింటికి. మిషను చప్పుడులో రేడియో వినబడలేదు.

"ఏం చెల్లీ, నీ మొహం అలా పీక్కుపోయిందేం? తిన్నావా?" అని బ్రష్షమ్మని పలకరించి కుర్చీలో కూచుంది.

"తిన్నాను అక్కయ్యా."

"అబద్ధం. కళ్లు చెప్తున్నాయి. నా సంచీలో రొట్టె ఉంది, తర్వాత తిను."

డాక్టరమ్మ ముంజేతి ఎముక తెచ్చి ఈవిడ చేతుల్లో పెట్టి గడియారం చూసుకుంది. నలభై ఏళ్ల మనిషి, ఎక్కువ మాట్లాడదు. పోయిన నెలంతా పై అధికారులకి ఉత్తరాలు రాసింది, ఇంకో ఏడాది గడువిమ్మని. కుదరదన్నారు.

తల్లి రెండు చేతుల్తో ఎముకని పట్టుకుని మెల్లిగా మాట్లాడింది. "ఒరేయ్, ఇవాళ ఆఖరంట. ఇదిగో, ఈ గదిలో అందరూ వింటుండగా చెప్తున్నా. తప్పు నాదే. బట్టలు మర్నాడు ఇచ్చినా వాళ్లు ఏం అనేవాళ్లు కాదు. నాకే మాట పోతుందని తొందర. వానలో తోశాను నిన్ను. ఇంకెన్నాళ్లురా?"

చల్లగానే ఉంది. పది నిమిషాలయ్యాయి. డాక్టరమ్మ గడియారం తీసి జేబులో పెట్టేసుకుంది. గంటయింది. ఎముకని బుగ్గకి ఆనించుకుంది, ఒళ్లో పెట్టుకుంది, ఊదింది. రెండు గంటలయ్యాయి. గుమ్మం దగ్గర విరుపుల సారు వచ్చి నిలబడ్డారు, పాపం ఆయనా తల దించుకునే ఉన్నారు.

"పోనీలే," అంది తల్లి చివరికి. "అంత కోపం ఉంటే నేనేం చెయ్యను? ఆయనకిచ్చెయ్యండి. వాడు విరిగేప్పుడు నేనిక్కడ ఉండొచ్చా, పొమ్మంటారా?"

బ్రష్షమ్మ గ్లౌజులు తీసేసింది.

"ఎందుకు తీశావు చెల్లీ?"

బ్రష్షమ్మ ఆవిడ చేతుల్లోంచి ఎముక తీసుకుని, రెండరచేతుల మధ్యా పెట్టుకుని డాక్టరమ్మ వైపు చాపింది. డాక్టరమ్మ చెయ్యి వెనక్కి తిప్పి, జ్వరం చూసినట్టు ఆనించి చూసింది.

"వెచ్చగా ఉంది," అంది, వాన పడుతోంది అన్నంత మామూలుగా. "ఎప్పట్నించి?"

"వచ్చిన నెల నించి. గ్లౌజులు అయిపోయినప్పుడు కడిగాను. మాట్లాడాను కూడా."

విరుపుల సారు ఖాళీ ట్రాలీ వెనక్కి తిప్పుకుని వెళ్లిపోయారు. దాని చక్రం ఒకటి కీచుమంటూ చాలాదూరం వినబడింది.

తల్లి ఒళ్లో ఖాళీ చేతులు ఇంకా ఎముక పట్టుకున్నట్టే ఉన్నాయి.

"అయితే వాడికి నా మీద కోపం లేదన్నమాట," అంది.

ఆ చేతులు దించి బ్రష్షమ్మ వైపు తిరిగింది.

"పన్నెండేళ్లు ఇక్కడ కూచుని కాళ్లు పట్టుకున్నట్టు బతిమాలితే, నువ్వు నాకు మంచినీళ్లు తెచ్చిచ్చావు."

"ఇచ్చాను."

"కోపం తగ్గుతుందిలే అక్కయ్యా అన్నావు."

"అన్నాను."

"ఎన్నిసార్లన్నావు?"

బ్రష్షమ్మ ఎముకని పెట్టెలో పెట్టింది. బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

డాక్టరమ్మ రిజిస్టరు తెరిచింది. ఆవిడ గొంతులో కోపం లేదు, అదే ఎక్కువ భయం పుట్టించింది. "ఒట్టి చేతుల్తో కడిగినవాళ్లు ఇక్కడ పని చెయ్యడానికి లేదు, నీకు తెలుసు. రేపట్నించి రావద్దు. పెట్టె నీ పేరున రాస్తాను, లేకపోతే పైకి పోతుంది. సంబంధం ఏమని రాయను?"

"ఏమీ కాదని రాయండమ్మా."

"అలా రాస్తే ఇవ్వడం కుదరదు. ఖాళీగా వదలడమూ కుదరదు."

"తల్లి అని రాయండి," అంది కుట్టుపని ఆవిడ. "సాక్షి సంతకం ఎవరిదైనా పనికొస్తుందా? నేను పెడతాను."

పెన్ను తీసుకుని, గుండీ కుట్టేటంత శ్రద్ధగా, ఒక్కొక్క అక్షరమే పెట్టింది. తప్పు పోలేదు, సిరా అలుక్కుపోలేదు.

"అక్కయ్యా," అంది బ్రష్షమ్మ. "కాగితం మీదే నా పేరు. పెట్టె తిన్నగా మీ ఇంటికే తెస్తాను. మీ దగ్గరే ఉంచుకోండి."

"ఎందుకండీ?" అంది తల్లి.

పన్నెండేళ్లలో ఆ నోటి నించి తనకి 'అండీ' రావడం అదే మొదలు. బ్రష్షమ్మకి చెంప మీద కొట్టినా అంత తగిలేది కాదు.

"మీ చేతిలో వెచ్చగా ఉన్నాడు కదా. మా ఇంట్లో వాడికి చలి. తెలిసి తెలిసి ఇంకోసారి వాణ్ణి చలిలోకి పంపనండీ. మీరే తీసుకెళ్లండి."

సంచీ తీసుకుంది. రొట్టె పొట్లం బయటికి తీసి, ఏం చెయ్యాలా అని ఒక క్షణం చూసి, మళ్లీ సంచీలో పెట్టేసుకుంది. గుమ్మం దాకా వెళ్లాక బ్రష్షమ్మ వెనకనించి అడిగింది.

"ఒక్కటి చెప్పి వెళ్లండి. ఫైల్లో రాసిన పేరు కాదు, ఇంట్లో వాణ్ణి ఏమని పిలిచేవాళ్లు?"

ఆవిడ వెనక్కి తిరగలేదు. మెడలోంచి టేపు తీసి, వేలికి చుట్టుకుంటూ, పూర్తిగా చుట్టేదాకా నిలబడింది.

"అది ఎముకలతో పాటు రాదండీ. అది నా దగ్గరే ఉంటుంది."

మధ్యాహ్నం బస్సు కిక్కిరిసి ఉంది. బ్రష్షమ్మ పెట్టె ఒళ్లో పెట్టుకుని కూచుంది. అట్టలోంచి కూడా ఆ వెచ్చదనం తెలుస్తోంది, తొడల మీద నిద్రపోతున్న పిల్లవాడిలా. పక్క సీటు ముసలావిడ మోచెయ్యి పెట్టెకి తగిలింది. విషయం అర్థమైనట్టుంది, తన సంచీ కాళ్ల మధ్యకి జరుపుకుని చోటిచ్చింది.

"మీవాడా?" అంది.

"మావాడే."

"చిన్నవయసే పాపం, తేలిగ్గా ఉన్నాడు." ఆవిడ పెట్టె మీద మెల్లిగా తట్టింది. "ఏమని పిలుస్తావమ్మా?"

బ్రష్షమ్మ నోరు తెరిచింది. బస్సు రెండు స్టాపులు దాటింది. ముసలావిడ ఇంకా మొహంలోకే చూస్తూ, జవాబు కోసం మర్యాదగా ఎదురుచూస్తోంది.