దొరకని సూదిమొన

ఆ బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషన్లకు గార్డులు బిగిస్తున్నారంటే ఆ రోజు తనిఖీ అన్నమాట. సూది కిందికి వేలు పోకుండా అడ్డం ఉండే ఆ తీగముక్కలు మిగతా రోజుల్లో స్టోర్ రూములో, అట్టపెట్టెలో హాయిగా నిద్రపోతుంటాయి. అవి ఉంటే దారం ఎక్కించడం ఆలస్యమట, పీసులు తగ్గిపోతాయట! తనిఖీ రోజు మాత్రం గార్డులు, మూతికి కొత్త గుడ్డలు, తాగేనీళ్ళ దగ్గర మెరిసే గ్లాసులు. పైన పటారం, లోన లొటారం.

ఆ పొద్దున చెకింగ్ బల్ల దగ్గర పనిచేసే వదిన తన ఆడపడుచును మెట్ల దగ్గరే పట్టుకుంది. ఆడపడుచు పొద్దస్తమానం "వదినా, వదినా" అని అరిచి అరిచి, ఆ వరుస మిషన్ల మీద కుట్టే లైనంతా ఆమెను వదిన అనే పిలిచేలా చేసింది. లైను ఊరుకుంటుందా, ఆ పిల్లకూ పేరు పెట్టింది: వసపిట్ట. నోట్లో నువ్వుగింజ నానదు మరి.

"ఇవాళ ఒక్కరోజు నోరు మూసుకో తల్లీ. ఏమడిగినా 'బాగుందండీ' అను, అంతే. నిన్నిక్కడ పెట్టించింది నేను. నువ్వు వాగితే ఇద్దరం ఇంటికే."

"దగ్గొస్తే?"

"మింగెయ్."

"తుమ్మొస్తే?"

"అదీ మింగెయ్. నా మీద ఒట్టు, నేను చెప్పేదాకా నోరు విప్పావంటే!"

వసపిట్ట పెదాలు కుట్టేసుకుంటున్నట్టు సైగ చేసి, నవ్వుకుంటూ మిషను దగ్గరికి పోయింది.

తనిఖీకి వచ్చినావిడ హాలుకు అవతలి చివర ఉండగా ఇవతల టక్కుమని చప్పుడైంది. వసపిట్ట మిషను మీద సూది విరిగింది. అలవాటు లేని గార్డు అడ్డొస్తుంటే దాన్ని వేలితో పైకెత్తి పట్టుకుని కుడుతోంది పాపం. టార్గెట్ మాత్రం ఎవరూ తగ్గించలేదుగా!

అది పసిపిల్లల గౌన్లు కుట్టే లైను. సూది విరిగితే ముక్కలన్నీ దొరికేదాకా లైను కదలకూడదని నియమం. ఒక్క ముక్క బట్టలో మిగిలినా ఎక్కడో ఓ పసికందుకు గుచ్చుకుంటుంది. మంచి నియమమే, కాదనేదెవరు? సూది పైముక్క మిషనులోనే ఉంది. మొన కనిపించలేదు.

సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చాడు. నోరు తెరిస్తే "తొందరగా, తొందరగా" అంటాడని అతనికి తొందరయ్య అని పేరు. "వదినా, బట్టలన్నీ చూసెయ్. ఆవిడ ఇటే వస్తోంది!"

ఇనుము తగిలితే కీచుమనే చేతిమిషను ఒకటి వదిన దగ్గర ఉంటుంది. దానికి అమ్మాయిలు పెట్టిన పేరు కూతమిషను. వదిన ఒక్కో గౌను తీసి, మడత విప్పి, దాని మీద కూతమిషను తిప్పింది. చప్పుడు లేదు. కట్ట మొత్తం అయిపోయింది. నేల మీద అయస్కాంతం పెట్టి ఈడ్చారు. ఊహూఁ.

"ఇదిగో, దొరికింది!" అన్నాడు తొందరయ్య, అరచేతిలో ఓ మొన చూపిస్తూ. వంగింది లేదు, వెతికింది లేదు, దొరికిందట! ఏ పాత సూదినో విరిచి తెచ్చాడని వదినకు తెలిసిపోయింది. అతని జేబులో అలాంటివి ఎప్పుడూ ఉంటాయి. "లైను నడపండి. తొందరగా!"

మిషన్లు మళ్ళీ మోగాయి. వదిన మాత్రం కూతమిషను కింద పెట్టలేదు. బట్టల్లో లేదు, నేల మీద లేదు. మరి మొన ఎక్కడికి పోయినట్టు?

అప్పుడు తట్టిందామెకు. ఇంత గొడవైతే వసపిట్ట ఒక్క మాట మాట్లాడలేదు. మామూలుగా అయితే దారం తెగినా లైనంతటికీ కథ చెప్పే పిల్ల! తలెత్తి చూసింది. ఆ పిల్ల ఎడమచేతిని పైటచెంగులో చుట్టి, ఒంటిచేత్తో గుడ్డ నెడుతోంది. మొహంలో నెత్తురుచుక్క లేదు. ఉన్నదంతా చెంగులోనే ఉంది.

అయ్యో, దీని నోరు పడిపోను! అనుకుని, మూయించింది తానేనని గుర్తొచ్చి వదిన నాలుక్కరుచుకుంది.

ఇదివరకు ఇదే లైన్లో కుట్టిన కళ్ళజోడక్క కళ్ళముందు మెదిలింది. ఆమెకూ ఇలాగే, ఇలాంటి రోజే, మొన వేల్లో విరిగింది. "వచ్చినవాళ్ళు వెళ్ళనీ, తర్వాత చూద్దాం" అన్నారు. తర్వాత చీము పట్టింది, ఆ తర్వాత వేలే తీసేశారు. వేలు లేనిదానివి వేగంగా ఏం కుడతావని ఆఖరికి పనీ పోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే.

తనిఖీ ఆవిడ బల్ల దగ్గరికి వచ్చేసింది. "సూది విరిగితే ఎలా చూస్తారమ్మా?"

తొందరయ్య పక్కనే నిలబడి కళ్ళతోనే బెదిరిస్తున్నాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఈ జీతంతో రెండు కాపురాలు గడుస్తున్నాయి. నోరు విప్పితే రెంటికీ గండి. విప్పకపోతే ఆ పిల్ల వేలు.

వదిన ఒక గౌను మీద కూతమిషను తిప్పి చూపించింది. "చూశారా మేడమ్, గౌన్లో లేదు. అందుకని వేరేచోట చూడాలి." అంటూనే బల్ల వదిలి నడిచింది.

"ఏయ్, ఎక్కడికి?" తొందరయ్య కీచుగా అరిచాడు.

ఆమె వినిపించుకోలేదు. వసపిట్ట పక్కకు వెళ్ళి, ఆ చేతిని మిషనుకు దూరంగా లాగి, చెంగు విప్పింది. వాచిన వేలి మీద కూతమిషను పెట్టింది.

అది కీచుమంది.

"ఉంగరం అయ్యుంటుంది మేడమ్," అన్నాడు తొందరయ్య.

"ఉంగరాలు పెట్టుకోనిస్తారా మీరు?" అంటూ వదిన ఆ వేలిని ఎత్తి చూపించింది. "ముక్క గౌన్లో ఉందంటే లైనంతా ఆపుతారు. వేల్లో ఉంటే ఎందుకాపరండీ? ఇది మాత్రం ఒకమ్మ కన్న పిల్ల కాదా?"

పక్క మిషను ఆగింది. దాని పక్కది ఆగింది. అందరూ పెడళ్ళ మీంచి కాళ్ళు తీసేశారంతే. ఆ హాల్లో పనివేళ అంత నిశ్శబ్దం ఎవరూ ఎరగరు. వదిన ఆ పిల్ల భుజం పట్టుకుని గేటు వైపు నడిపించింది.

వెనక నుంచి తొందరయ్య అరిచాడు. "ఇప్పుడెళ్తే రేపట్నుంచి ఇద్దరూ రానక్కర్లేదు!"

ఆసుపత్రిలో డాక్టరు మొన బయటికి తీసి కట్టు కట్టాడు. "నాన్చకుండా వచ్చారు, మంచిపని చేశారు. వేలికి ఢోకా లేదు." కోస్తున్నప్పుడు కూడా వసపిట్ట పళ్ళ బిగువున కూర్చుందే తప్ప కిక్కురుమనలేదు. తడారిపోయిన పెదవి మీద పంటిగాట్లు.

బయట బల్ల మీద తనిఖీ ఆవిడ కూర్చుని ఉంది. వాళ్ళ వెనకే వచ్చిందట. "అక్కడ రోజూ ఏం జరుగుతుందో నాకు వినాలనుంది," అంది. వదిన ముందు ఆడపడుచు వైపు తిరిగింది.

"అంత నొప్పిపెడుతుంటే ఒక్క కేకైనా వెయ్యలేదేమే?"

వసపిట్ట తల అడ్డంగా ఊపి, చాలా మెల్లగా అడిగింది.

"వదినా... నీ మీద ఒట్టేశావుగా. ఇప్పుడు మాట్లాడొచ్చా?"

వదినకు ఏడుపు తన్నుకొచ్చింది. ఆ పిల్ల తల గుండెకు అదుముకుని వెక్కివెక్కి ఏడ్చింది. "మాట్లాడవే నా తల్లీ. ఒట్టు తీసి గట్టు మీద పెట్టేశాను. నీ ఇష్టం వచ్చినంతసేపు మాట్లాడు."

వసపిట్ట ముక్కు తుడుచుకుని తనిఖీ ఆవిడ పక్కన సర్దుకు కూర్చుంది. "ముందు ఆ గార్డుల సంగతి చెప్తానండీ," అని మొదలుపెట్టింది. వదిన ఈసారి ఆపలేదు. పిల్ల ఎక్కడైనా మరిచిపోతే తానే అందించింది.