పుంజం చెదిరిన పూట

మావయ్యగారికి అన్నం మెత్తగా పిసికి, చారు పోసి, గింజ తగలకుండా వేళ్లతో చూసుకుని గాని ముద్ద పెట్టకూడదు. పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచి బుల్లిరాజుగారికి మింగుడు సరిగ్గా పడటం లేదు, నోట మాట లేదు. ఆ పని కోడలు హేమశ్రీది. ఆయన మధ్యాహ్నం భోజనం వేళా, యూరప్‌లో హేమశ్రీ పనిచేసే ల్యాబ్‌లో ఉదయం మీటింగ్ వేళా ఒకటే. అందుకని ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, కుడిచేత్తో అన్నం కలుపుతూ, తాను మాట్లాడాల్సి వచ్చినప్పుడు ఎడమచేత్తో ఫోన్ మ్యూట్ తీస్తూ ఉండేది.

"ఆ చెవిలోది తీసెయ్యమ్మా, ముద్ద పెట్టేటప్పుడు," అనేది అత్తగారు రామతులసి. కోపంగా అనేది కాదు. గుడిలోకి వెళ్లేవాళ్లకి చెప్పులు విడవమని గుర్తుచేసినట్టు అనేది. "నీ ధ్యాస ఎక్కడో ఉంటే ఆయన ఒంటికెలా పడుతుంది?"

హేమశ్రీ తీసేసేది. తీసేసిన ఆ కాసేపట్లోనే అక్కడ ఎవరో ఆమెను పేరు పెట్టి పిలిచేవారు, ఏదో అడిగేవారు, జవాబు రాక ముందుకు వెళ్లిపోయేవారు. తర్వాత మెయిల్ పెట్టి క్షమించమని అడగడం ఆమెకు అలవాటైపోయింది. ఎన్నిసార్లని కరెంటు పోయిందని అబద్ధం చెబుతుంది? మొగుడు కరెంటు ఆఫీసులో ఏఈ మరి.

ఆమె పనేమిటో కొవ్వూరులో ఆ వీధిలో ఎవరికీ తెలియదు. ఎవరైనా అడిగితే "మా కోడలు కంప్యూటర్లో ఏదో చూస్తుందండి, ఇంట్లోనే" అనేది రామతులసి. నేల అడుగున గుండ్రంగా తవ్విన పెద్ద సొరంగం, అందులో గాలి కూడా లేని గొట్టం, ఆ గొట్టంలో కోట్ల కణాలు గుంపుగా కాంతితో పోటీపడుతూ తిరుగుతాయి. ఎదురుగా ఇంకో గుంపు వస్తుంది. రెండూ ఢీకొనాలి, అందులోంచి ఏం పుడుతుందో చూడాలి, అందుకే అంత యంత్రమూ. అయితే గుంపు గుంపే కదా. లోపలివి ఒకదాన్నొకటి తోసుకుంటాయి, దారిలో చిన్న కుదుపు తగిలినా పక్కకి జరుగుతాయి, వెంట్రుక కన్నా సన్నగా ఉండాల్సిన కణపుంజం లావెక్కిపోతుంది. లావెక్కితే రెండు గుంపులూ ఒకదానిలోంచి ఇంకొకటి తగలకుండానే దాటిపోతాయి. పుంజాన్ని సన్నగా, చెదరకుండా గంటల తరబడి నిలబెట్టడం హేమశ్రీ చదువు, ఉద్యోగం. ఒకసారి ఇదంతా ఓపిగ్గా చెబితే రామతులసి చివరిదాకా విని, "పుంజమంటే పందెం పుంజేంటే?" అంది. ఇంటిల్లిపాదీ నవ్వారు. హేమశ్రీ కూడా నవ్వింది. ఆ తర్వాత ఆ ఇంటికి ఎవరొచ్చినా ఆ ముచ్చట చెప్పి నవ్వించేవారు. నాలుగోసారో అయిదోసారో ఆమె నవ్వలేకపోయింది. "కోడలికి కోపమొచ్చిందండోయ్" అని దానికీ నవ్వారు.

కానీ ఆమె మొగుడు ఉదయభాస్కర్ అలా కాదు. అతన్ని చేసుకోవడానికి కారణమే అది. పెళ్లిచూపుల్లో అంతకు ముందు వచ్చినవాళ్లంతా జీతం అడిగారు, వంట అడిగారు, ఉద్యోగం మానేస్తావా అని అడిగారు. ఇతను మాత్రం ఆమె చెప్పిందంతా విని, కాసేపు ఆలోచించి, "ఆ అయస్కాంతాలకిచ్చే కరెంటులో రిపుల్ ఉంటుంది కదండీ, దాన్నేం చేస్తారు?" అన్నాడు. కరెంటులో ఉండే సన్నని వణుకు. అతను రోజూ సబ్‌స్టేషన్లో చూసేది అదే. హేమశ్రీ ఆ రోజు ఇంటికెళ్లి వాళ్లమ్మతో, ఈ అబ్బాయైతే చేసుకుంటానని చెప్పింది. పెళ్లయ్యాక కూడా కొన్నేళ్లు, ఆమె ఇండోర్ ల్యాబ్‌లో ఆ యంత్రం లెక్కలే చూస్తుండగా, సెలవు దొరికినప్పుడల్లా అతను అక్కడికి వెళ్లి, కాఫీ గ్లాసు పట్టుకుని ఆమె పక్కన కూర్చుని తెర మీద గీతలు చూసేవాడు. యంత్రంలో పుంజం ఎందుకు లావెక్కుతోందో ఆమె పట్టుకున్నదీ అలాంటి ఒక సాయంత్రం అతనితో మాట్లాడుతూనే. అతను చెప్పిన ఆ వణుకే ప్రతి చుట్టులోనూ గుంపుని కాస్త కాస్త తోస్తోంది.

తర్వాత మావయ్యగారికి జబ్బు చేసింది. ఇండోర్లో ఉద్యోగం చేసుకుంటున్న హేమశ్రీకి అతను ఫోన్ చేసి, "వచ్చెయ్ హేమా, అమ్మ ఒక్కతే చెయ్యలేకపోతోంది. నిన్ను ఉద్యోగం మానమనట్లేదు కదా, ఇంట్లోంచి చేసుకునేది చూసుకో" అన్నాడు. చూసుకుంది. ఏడాదికొకసారి పొడిగించే కాంట్రాక్టు ఉద్యోగం. యూరప్ ల్యాబ్‌లో ఆమె పైన ఉన్న ఇంగ్రిడ్ అనే పెద్దావిడ పట్టుబట్టి ఇప్పించింది. కాఫీ గ్లాసుతో పక్కన కూర్చోవడం మాత్రం ఆగిపోయింది. అతను ఆఫీసు నుంచి వచ్చేటప్పటికి ఆమె వంటింట్లో ఉండేది.

ఆ వణుకుకి హేమశ్రీ కనిపెట్టిన విరుగుడు వినడానికి తేలికే. ఊగే ఉయ్యాలని ఆపాలంటే అది మన వైపు వచ్చేటప్పుడు ఎదురు తొయ్యాలి. అలాగే పుంజాన్ని కరెంటు ఎటు తోస్తోందో చూసి, చిన్న అయస్కాంతాలతో అంతే బలంగా ఎదురు తొయ్యాలి. తోసే క్షణం తప్పితే మాత్రం ఉయ్యాల ఇంకా పెద్దగా ఊగుతుంది. ఆ క్షణం ఏ రోజుకారోజు మారుతుంది. యంత్రం నడుస్తుండగా గీతలు చదివి, ఆ క్షణాన్ని, అంటే ఫేజ్‌ని, లెక్కగట్టి చెప్పాలి. అది చెప్పగలిగింది ప్రస్తుతానికి హేమశ్రీ ఒక్కతే. రెండేళ్లు అడగ్గా అడగ్గా అసలు యంత్రం మీద పరీక్షించడానికి వాళ్లకి ఒక పూట ఇచ్చారు. అక్కడి ఉదయం, ఇక్కడి మధ్యాహ్నం.

ఆ రోజే రామతులసి అన్నవరం వ్రతానికి ముహూర్తం పెట్టించింది. భర్తకి మాట వస్తే కొడుకూ కోడల్నీ పీటల మీద కూర్చోబెడతానని మొక్కుకుంది. ఇంకా రాలేదు గాని, ముందే చేయిస్తే స్వామి దయ చూస్తాడని పంతులుగారన్నారు.

"ఆ ఒక్కరోజు వద్దండి," అంది హేమశ్రీ మొగుడితో. "తర్వాత ఏ రోజైనా సరే."

"అమ్మ అందరికీ చెప్పేసింది హేమా. పొద్దున్నే మొదటి బ్యాచ్‌లో కూర్చుందాం. తొమ్మిదికల్లా అయిపోతుంది. కొండమీద గది బుక్ చేస్తాను, నీ లాప్‌టాప్ పెట్టుకుందువు గాని. నేను చూసుకుంటాను కదా."

నమ్మింది.

ఆ రోజు కొండమీద జనం విరగబడ్డారు. పెద్దాయన చక్రాల కుర్చీని మండపం దాకా చేర్చేసరికి మొదటి బ్యాచ్ అయిపోయింది, రెండోదీ నిండిపోయింది. వీళ్లు కూర్చునేసరికి ఎండ నడినెత్తికి వస్తోంది. పట్టుచీర, పసుపు బట్టలో కట్టిన కొంగుముడి, ముందు కలశం. హేమశ్రీ ఫోన్ ఉదయభాస్కర్ పక్కనున్న సంచిలో ఉంది.

"ఇంగ్రిడ్ చేస్తే చెప్పండి, అయిదు నిమిషాల్లో గదికి వెళ్లిపోతాను," అంది మెల్లగా.

"సరే," అన్నాడు.

మూడో కథ నడుస్తుండగా అతని చెయ్యి సంచిలోకి వెళ్లి రావడం ఆమె చూసింది. "ఫోనేమైనా మోగిందా అండి?" అని అడిగింది. అతను కథ వింటున్నవాడు విన్నట్టే ఉండి, లేదని తల అడ్డంగా ఊపాడు.

చివర్లో పంతులుగారు అందరిచేతా గోవింద కొట్టించారు. అప్పుడు, చక్రాల కుర్చీలో ఓ పక్కకి ఒరిగి ఉన్న బుల్లిరాజుగారి వంకర పెదవులు కదిలాయి. "గోయిందా" అని వినపడింది. స్పష్టంగానే వినపడింది. రామతులసి చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఉదయభాస్కర్ కళ్లు తుడుచుకున్నాడు. హేమశ్రీకీ దుఃఖం ఆగలేదు. ఆ నోటికి ఇన్నాళ్లూ ముద్దలు పెట్టింది తను. ఆ కాసేపు ఆమెకి సొరంగమూ గుర్తులేదు, పుంజమూ గుర్తులేదు. తర్వాత దాన్ని తలుచుకున్నప్పుడల్లా ఆ సంతోషం అబద్ధం కాదని తనకి తనే చెప్పుకోవాల్సి వచ్చేది.

ప్రసాదం తీసుకుని పరుగున గదికి వెళ్లి లాప్‌టాప్ తెరిచింది. అక్కడ ఎవరూ లేరు. మీటింగ్ మూసేశారు. తిరుగు ప్రయాణంలో, కత్తిపూడి దాటాక, సంచిలోంచి ఫోన్ తీస్తే ఇంగ్రిడ్ పంపిన మెసేజ్ ఉంది. నీ కోసం ఆగాం, ఫోన్లు చేశాం, ఇక ఆగలేక మా అంచనాతోనే మొదలుపెట్టాం. క్షణం తప్పింది. పుంజం చెదిరిపోయింది. గొట్టానికి దెబ్బ తగలకుండా యంత్రం దాన్ని బయటికి తోసేసింది. మళ్లీ నింపేలోగా మన పూట అయిపోయింది. నీకేమీ కాలేదు కదా?

హేమశ్రీ దాన్ని రెండుసార్లు చదివింది.

"ఇంగ్రిడ్ ఫోన్లు చేసిందటండి."

"ఆఁ, చేసింది. నేనే కట్ చేశాను," అన్నాడు ఉదయభాస్కర్, కారు నడుపుతూ. "పీటల మీద ఉన్నాం కదా."

"మంచి పని చేశావు నాన్నా," అంది వెనక సీట్లోంచి రామతులసి, భర్త మూతి తుడుస్తూ.

"మోగిందా అని అడిగానండి నేను. లేదని తలూపారు."

అతను ముందున్న లారీని దాటి అన్నాడు. "చెబితే లేచిపోతావు కదా హేమా. ఫేజ్ చూసి చెప్పాలంటే నీకు గంట పైనే పడుతుంది. అంతసేపూ పీట ఖాళీగా పెట్టి కూర్చోనా? అదీ నాన్న నోరు తెరిచిన పూట?"

ఫేజ్ అన్నాడు. గంట పైనే పడుతుందన్నాడు. హేమశ్రీ అద్దంలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. జగ్గంపేట వచ్చింది, వెళ్లింది. ఇన్నేళ్లుగా ఆమె తన మనసుని ఒక్క మాటతో సముదాయించుకుంటూ వచ్చింది. ఈ ఇంట్లో వాళ్లకి తెలియదు పాపం, తెలిస్తే ఇలా చెయ్యరు అని. చెవిలోది తీసెయ్యమన్నప్పుడు, పందెం పుంజని నవ్వినప్పుడు, చుట్టాలొచ్చి మీటింగ్ మధ్యలో కాఫీలు అడిగినప్పుడు అదే అనుకుంది. ఆ మాట ఇప్పుడు పనిచెయ్యలేదు. ఏడుపు వస్తుందేమో అనుకుంది గాని రాలేదు. ఇల్లు చేరాక పట్టుచీర మార్చుకుని, అందరికీ ఉప్మా చేసింది.

ఆ పద్ధతి ప్రమాదమని ల్యాబ్‌లో పెద్దవాళ్లు తేల్చారు. కాంట్రాక్టు పొడిగించలేదు. ఆ మాట చెప్పినప్పుడు ఉదయభాస్కర్ "పోన్లే, నా జీతం చాలదా మనకి" అన్నాడు. "మంచిదే, కాస్త ఒళ్లు చేస్తావు," అంది రామతులసి. ఎవరూ కటువుగా మాట్లాడలేదు. ఒక సాయంత్రం అతను ఆత్రేయపురం నుంచి పూతరేకులు తెచ్చి, ఆమెకి ఇష్టమని, స్వయంగా పొట్లం విప్పి చేతికిచ్చాడు. తప్పయిందని చెప్పలేక తెచ్చాడని ఆమెకి తెలుసు. ఒకటి తింది. బాగుందండి అంది.

ఇంగ్రిడ్ మాత్రం వదల్లేదు. ఇంకెవరికో ఇచ్చిన సమయంలో మిగిలిన కొసరు అడిగి తీసుకుని, హేమశ్రీ రాసిపెట్టిన లెక్కనే నేర్చుకుని, ఈసారి క్షణం తప్పకుండా చేసింది. ఆ కబురు మధ్యాహ్నం అన్నం పెట్టేటప్పుడే వచ్చింది. ఎడమచేత్తో ఫోన్ తెరిస్తే ఒక గీత. పుంజం మందం. మొదట్నుంచీ చివరిదాకా లేవలేదు, గంటల తరబడి అలాగే సన్నగా సాగింది. కింద ఒక వాక్యం. రెండేళ్ల ఉద్యోగం ఖాళీ ఉంది, కానీ ఇక్కడికి వచ్చి చెయ్యాలి.

ఆమె చెయ్యి ముద్దతో సహా ఆగిపోయింది. బుల్లిరాజుగారు ఆమె మొహం చూశారు. ఆయనకి అప్పటికి కొన్ని మాటలు వస్తున్నాయి.

"ఏంటమ్మా?"

"పుంజం నిలబడిందండి, మావయ్యగారూ."

ఆయన "మంచిది," అన్నారు, నోరు తెరిచారు.

హేమశ్రీ ముద్ద పెట్టింది. కళ్ల వెంట నీళ్లు కారుతుంటే భుజానికి తుడుచుకుంది. ఉదయభాస్కర్ ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు, ముందు గదిలో. మొదట ఆ సంగతి చెప్పాల్సిన మనిషి అతనే. ఆ వణుకు సంగతి ఆమెకి తట్టించినవాడు. లేచి చెయ్యి కడుక్కుని ముందు గది గుమ్మం దాకా వెళ్లింది. అతను పేపర్ చదువుకుంటున్నాడు. ఏం కావాలన్నట్టు తలెత్తాడు. ఏమీ లేదండి అని వెనక్కి వచ్చేసింది.

ఇంటర్వ్యూ అయింది, ఉద్యోగం ఖాయమైంది. పక్క వీధి దీనమ్మని కుదిర్చి, గింజ తగలకుండా అన్నం ఎలా పిసకాలో, తల ఎంత ఎత్తి పట్టుకోవాలో దగ్గరుండి నేర్పింది. అప్పుడు చెప్పింది ఇంట్లో. రామతులసి రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, "పచ్చళ్లు పట్టుకెళ్లనిస్తారా అక్కడికి?" అని అడిగి వంటింట్లోకి వెళ్లిపోయింది.

బయల్దేరే రోజు పొద్దున్న ఉదయభాస్కర్ పెట్టెకి తాడు బిగించాడు. బిగించి లేవలేదు, పెట్టె మీద చెయ్యి వేసి నేలమీదే కూర్చున్నాడు.

"కోపంతో వెళ్తున్నావా హేమా?"

"లేదండి."

"ఆ రోజు చేసింది తప్పే. కాదనను." అతను తాడు ముడిని మళ్లీ ఒకసారి లాగి చూశాడు. "కానీ నీ పని ఎంత పెద్దదో నాకప్పుడు అర్థం కాలేదు. కరెంటు స్తంభాల దగ్గర తిరిగేవాణ్ని, నాకెలా అర్థమవుతుంది చెప్పు? అర్థం కాక చేశాను. అదొక్కటి నమ్ము."

హేమశ్రీ అతని పక్కన నేలమీద కూర్చుంది. అతని చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. చాలా రోజులైంది అలా పట్టుకుని.

"మీకు అర్థం కాకపోయుంటే ఉండిపోయేదాన్నండి," అంది.