నాలుగు గంటల కుర్చీలు

బండినే ఇల్లుగా చేసుకుని ఊళ్ళు తిరుగుతూ, అరిజోనా ఎడారిలో చలికాలం గడిపే ఇంటిబండ్ల వాళ్ళకు ఒక పద్ధతి ఉంది. సాయంత్రం నాలుగింటికి ఎవరి మడతకుర్చీ వాళ్ళే చంకన పెట్టుకుని, ఎవరిదో ఒక బండి పందిరి కిందకు చేరతారు. ఆరేళ్ళుగా ఆ పందిరి వెర్నాదే. కాఫీ ఆమెది, దాల్చినచెక్క రొట్టెలు ఆమెవి, ఎలుగుబంటిని తరిమానంటూ కోతలు కోసే మొగుడు డెల్బర్ట్ కూడా ఆమెవాడే. ఆ ఒక్క గంట కోసమే ఆమె మిగతా రోజంతా ఆ ఇసుకను భరించేది.

ఈ ఏడు పక్కకి రోవీనా వచ్చింది. భర్త పోయాక ఒంటరిగా బండి తోలుకుంటూ తిరిగే మనిషి. దిగీ దిగగానే నేల మీద పీటంత డిష్ ఒకటి పెట్టింది. ఫోన్లో సిగ్నల్ చచ్చినా దొరకని ఆ చోట, శాటిలైట్ ఇంటర్నెట్. మర్నాడు నాలుగింటికి పదకొండు కుర్చీలూ అటు నడిచాయి. వాటి వెనకే పన్నెండోదీ నడిచింది, అది డెల్బర్ట్‌ది.

కొత్త మోజు, రెండు రోజుల్లో తీరుతుందిలే అనుకుంది వెర్నా. పది రోజులైంది. డెల్బర్ట్ కుర్చీ ఇంటికి రావడమే మానేసింది. వెర్నాకు ఒళ్ళు మండిపోయింది.

"కుర్చీ అక్కడే వదిలేశావేం? పక్క కూడా అక్కడే వేయించుకోకపోయావా?"

"రోజూ మోయడం ఎందుకని. నువ్వూ రారాదూ, అడిగితే పాస్‌వర్డ్ ఇస్తుంది."

"ఆవిడ గుమ్మంలో చేయి చాచేంత ఖర్మ నాకేం పట్టలేదు."

డిష్‌కు ఉత్తరం వైపు ఆకాశం కనబడాలని రోవీనా ఎవరితోనో అనగా వెర్నా చెవిన పడింది. ఇక ఊరుకుంటుందా? మర్నాడు పొద్దున్నే, గాలి తిన్నగా గుమ్మంలోకి కొడుతోందని మొగుడిని సతాయించి, తమ పెద్ద బండిని తీసుకెళ్ళి రోవీనా బండికి ఉత్తరాన గోడలా అడ్డం పెట్టించింది. గంటలో నెట్ పోయింది. వెర్నా కూనిరాగం తీస్తూ రొట్టెల పిండి కలిపింది.

మధ్యాహ్నం రోవీనా వచ్చి తలుపు తట్టింది. వెర్నా పోట్లాటకు సిద్ధంగానే ఉంది.

"వెర్నా గారూ, మీ బండి అడ్డొచ్చి సిగ్నల్ పోయింది. మీ కప్పు బాగా ఎత్తు కదా, డిష్ దాని మీద పెట్టుకోనా? అందరూ మీ పందిరి కిందే కూర్చుంటారు."

వెర్నా తన చెవులను తానే నమ్మలేకపోయింది. "దానికేం భాగ్యం, పెట్టుకోండి," అంది.

నాలుగింటికి పన్నెండు కుర్చీలూ తిరిగొచ్చాయి. వెర్నా నీలిరాళ్ళ కమ్మలు పెట్టుకుని అందరికీ కాఫీ పోసింది. ఒక్కరూ ఫోన్లోంచి తలెత్తలేదు. కప్పుల్లో కాఫీ మీగడ కట్టింది.

"డెల్, ఆ ఎలుగుబంటి సంగతి చెప్పవూ," అంది, నలుగురూ వినేలా.

"ఉండవే, ఇక్కడ చేప పడేట్టుంది," అన్నాడు డెల్బర్ట్, ఫోన్లో ఆడుతున్న చేపలాట మీంచి కళ్ళు తీయకుండా.

రొట్టె తుంచుకుంటూ రోవీనా అడిగింది. "ఎలుగుబంటి ఏమిటండీ?"

"మీకు చెప్పలేదూ? పది రోజులూ మీ దగ్గరే కదా ఉన్నాడు."

"నాతో ఆయన మాట్లాడింది ఒక్కసారే. పాస్‌వర్డ్ అడిగారు."

వెర్నా కాఫీ కూజా కింద పెట్టింది. రోవీనా మీద ఏడ్చినన్నాళ్ళూ తిట్టుకోవడానికి కనీసం ఒక ఆడమనిషి ఉండేది. ఇప్పుడు మొగుడి అరచేతిలో గిలగిలా కొట్టుకుంటున్న ఆ చేపను ఏమని తిట్టుకోవాలో ఆమెకు తోచలేదు.