చెయ్యెత్తని చొక్కా

ఉతుకుడు మీ అమ్మది, ఇస్త్రీ నాది. ముందు అది చెప్తేగానీ నువ్వడిగిన దానికి జవాబు రాదు తల్లీ. మా కాలనీ మొత్తం ఆరువందల పన్నెండు మందిమి. ఆ ఆరువందల పన్నెండు చొక్కాలూ వారానికి రెండుసార్లు మా షెడ్డుకే వచ్చేవి. అన్నీ బూడిదరంగే. ఆడా మగా అన్న తేడా కూడా లేదు. మొదట్లో కాలరు లోపల ఎవరి గుర్తు వాళ్ళం కుట్టుకునేవాళ్ళం, ఒకరు ఎర్రదారం, ఒకరు చిన్న ముడి. తర్వాత కాలనీని నడిపే ఆఫీసువాళ్ళు ఆ గుర్తులు కూడా పీకించేశారు. ఎవరి చొక్కా ఎవరు తొడుక్కుంటే ఏం పోయింది, మీ సంచిలో ఏదొస్తే అది వేసుకోండి అన్నారు. ఏం పోయిందంట. మనిషి పోతాడు, ఇంకేం పోవాలి?

అయినా మీ అమ్మ ఎవరిది వాళ్ళకే చేర్చేది. నువ్వు చిన్నప్పుడు చూసినదేగా, తను ఉతికి ఆరేస్తే బట్ట దండెం మీద దాని మనిషిలాగే నిలబడేది. బస్సు డ్రైవరు చొక్కా మోచేతులు ముందుకి చాపుకుని కూర్చునేది. కటింగ్ షాపు ముసలాయనది మెడ వంచి ఎవరి తలలోకో చూస్తున్నట్టుండేది. బడి టీచరమ్మది సంచి మోసీ మోసీ ఒక భుజం దిగిపోయి ఉండేది. మీ అమ్మ దండెం వెంబడి నడుస్తూ వాటిని పలకరించేది.

"ఏం డ్రైవరన్నా, ఇవాళ ఇటు ఒరిగావు, నడుం నొప్పా?" అనేది. అలా పలకరిస్తూ తీసి, ఎవరి సంచిలో వాళ్ళది వేసేది. ఆఫీసువాళ్ళకి తెలుసు. బట్టలు తెల్లారేసరికి కావాలి కాబట్టి ఊరుకున్నారు. తన చొక్కా తనకొచ్చిన రోజు డ్రైవరు ఈల వేసుకుంటూ బస్సు తీసేవాడు.

కటింగ్ షాపు ముసలాయన ఒకసారి ఎదురు చెప్పాడు. అందరికీ ఒకే గుండు కొట్టను, ఎవరి సుడి వాళ్ళకుంటుంది అన్నాడు. అంతే, తీసుకెళ్ళి నలభై రోజులు సర్దుబాటు ఇంట్లో పెట్టారు. తిరిగొచ్చాడు. ఒక్క దెబ్బ లేదు ఒంటిమీద. ఏం అడిగినా "అలాగే" అనేవాడు. వాళ్ళావిడ పేరు పెట్టి తిట్టినా "అలాగే". ఆయన చొక్కా మీ అమ్మ ఉతికి ఆరేస్తే అది ఉత్త గుడ్డలా వేలాడింది. తడిపి మళ్ళీ ఆరేసింది. ఊహూ. ఆ రోజు మీ అమ్మ పచ్చిమంచినీళ్ళు కూడా ముట్టలేదు.

ఆ తర్వాతే మీటింగ్ పెట్టారు. ఇళ్ళల్లో తలుపులు ఊడదీస్తారంట. వీధి తలుపు, గది తలుపు, స్నానాల గది తలుపు కూడా. దాచుకోడానికి ఏం లేనివాళ్ళకి తలుపులెందుకు అని మైకులో అడిగారు. ఒప్పుకునేవాళ్ళు కుడిచెయ్యి ఎత్తాలి. ఎడమచెయ్యి లెక్కలోకి రాదు. ఒప్పుకోనివాళ్ళు ఏం ఎత్తాలో మాత్రం చెప్పలేదు. లెక్క పూర్తయ్యేదాకా చెయ్యి దించకూడదు. ఆఫీసులో ఒకడుండేవాడు, మనుషుల్ని లెక్కపెట్టడమే వాడి ఉద్యోగం, లెక్కలాయన అనేవాళ్ళం. వాడు వరస వరసకీ తిరిగి లెక్కపెట్టాడు. మళ్ళీ పెట్టాడు. గంటన్నర నిలబెట్టాడు మమ్మల్ని. ఎన్నిసార్లు పెట్టినా ఆరువందల పదకొండే.

ఆ తగ్గిన చెయ్యి నాది.

ధైర్యం అనుకునేవు. ఇరవై ఏళ్ళు ఇస్త్రీపెట్టె తోసీ తోసీ నా కుడిభుజం పట్టేసింది, చెవి దాకా కూడా లేవదు. అంతమంది చేతుల మధ్య పొట్టిదాన్ని, ఎవరికి కనిపిస్తాను? పక్కనున్న డ్రైవరు చూశాడు. చూసి, పైకప్పుకేసి చూస్తూ నిలబడ్డాడు, దేవుడిలాంటోడు. అందరికీ ఒకటే గుండు, ఒకటే చొక్కా. ఎవర్నని పట్టుకుంటారు? వాళ్ళు చేసిన పనే వాళ్ళ కళ్ళకి అడ్డం పడింది.

అప్పుడు లెక్కలాయనకి మా షెడ్డు గుర్తొచ్చింది. గేటు దగ్గరే అందరి చొక్కాలూ విప్పించి, వేరేవి తొడిగించి పంపాడు. విప్పినవి మూటలు కట్టించి మీ అమ్మ ముందు పడేశాడు.

"రేపు సాయంత్రానికి ఆరేసి ఉంచు. ఎవరో దండెమే చెప్తుంది," అన్నాడు.

నేను అప్పుడే నోరు తెరవాల్సింది. తెరవలేదు. అది నా తప్పే.

మర్నాడు మధ్యాహ్నానికి దండేల నిండా చొక్కాలన్నీ చేతులెత్తుకుని నిలబడ్డాయి. కటింగ్ షాపు ముసలాయనది కూడా "అలాగే" అన్నట్టు చెయ్యెత్తింది. ఒక్కటి మాత్రం చెయ్యి కిందికేసుకుని ఉంది, పొట్టిగా. మీ అమ్మ దాన్ని చూసింది, నన్ను చూసింది.

"నీదేగా?"

"భుజం లేవలేదే."

"నీ భుజం తగలెయ్య. నాతో అంటే వెనకనుంచి లేపి పట్టుకునేదాన్నిగా," అని నవ్వింది. ఆ పరిస్థితిలో నవ్వింది చూడు.

నేను గంజి పెట్టి, ఆ చెయ్యి పైకుండేలా ఇస్త్రీ చేశాను. పడిపోయింది. క్లిప్పులు పెట్టి దండేనికి బిగించాను. క్లిప్పులు ఊడి పడ్డాయి.

"వాడొచ్చాక చెప్పేస్తాను, పోతే పోతాను, ముసలిదాన్ని," అన్నాను.

"పోయి ఏమై వస్తావు? ఆ ముసలాయన్ని చూశావుగా. నిన్ను సర్దడానికి వాళ్ళకి రెండ్రోజులు చాలు అక్కా. నన్ను సర్దమను, ఎన్నేళ్ళు పడుతుందో చూద్దాం."

అని నా చొక్కా తీసి తొట్టిలో ముంచి, పిండి, తడిదే తొడిగేసుకుంది. తడిబట్ట ఎవరి ఒంటిమీద ఆరితే వాళ్ళదైపోతుంది, అది మా పనిలో అందరికీ తెలిసిందే. గుండీలు పట్టుకుని లాగాను. నెట్టేసింది. మధ్యాహ్నమంతా కుడిచెయ్యి కదపలేదు. కదిపితే చొక్కా నేర్చుకుంటుందని, ఎడమచేత్తోనే గంపలు నడుం మీదికెత్తుకుని మోసింది. ఆరాక విప్పి దండెం మీద వేసింది. అది మెడ సాచి, ఎడమ నడుం పక్కకి నెట్టి, కుడిచెయ్యి దించుకుని నిలబడింది. ఎంత దూరంనుంచి చూసినా మీ అమ్మే. చెయ్యెత్తుకున్న తన అసలు చొక్కాని, అదే నాదన్నట్టు, లెక్కకి నా చోట్లో ఉంచేసింది.

లెక్కలాయన వచ్చాడు. వెతకాల్సిన పనే లేకపోయింది వాడికి.

"అది నాది," అన్నాను నేను. "భుజం పట్టేసింది బాబూ, చూడు, ఎంత ఎత్తినా ఇంతే."

"నొప్పులు అందరికీ ఉన్నాయి. అందరూ ఎత్తారు," అన్నాడు. తర్వాత చొక్కా చుట్టూ ఓసారి తిరిగాడు. "నీ చొక్కాకి ఈ నడుం ఎక్కడిది ముసలమ్మా?"

వెనకున్న ఇద్దరూ నవ్వారు. మీ అమ్మ వెళ్ళి దాని పక్కన నిలబడింది. ఇంక చెప్పేదేముంది?

"పొద్దున్నే బండొస్తుంది, సామాను సర్దుకో," అన్నాడు.

"ఏం సర్దమంటారు సార్, ఇంకో బూడిద చొక్కానా?" అంది మీ అమ్మ. వాడి మొహం చూడాల్సింది నువ్వు.

ఆఫీసునుంచి నీకొచ్చిన కాయితంలో మీ అమ్మ చెయ్యెత్తలేదని రాశారన్నావు. అబద్ధం. ఎత్తింది తల్లీ. అందరిలాగే గంటన్నర ఎత్తింది, నా ముందు వరసలోనే, మోచెయ్యి వణకడం నేను చూశాను. తలుపులు ఊడదీస్తామంటే ఎత్తిన చెయ్యి, నాకోసం దించింది. ఇన్నాళ్ళూ అందరూ మీ అమ్మని మొండిది మొండిది అంటుంటే నేను విని ఊరుకున్నాను. నువ్వు అడిగావు కాబట్టి చెప్తున్నాను, నువ్వు పదిమందికీ చెప్పు.

ఆ సాయంత్రం నన్ను కూర్చోబెట్టి భుజానికి నూనె రాసింది. నేను తిడుతూనే ఉన్నాను. కదలకే, నూనె కారుతుంది అంటూ రాసింది. బండి పొద్దున్నే వస్తుందన్నారు. ఎప్పుడు వచ్చిందో చప్పుడే లేదు.

తెల్లారేసరికి మీ అమ్మ లేదు.