తల ఎత్తి నడిచిన పాఠం

మా నాన్న సంచి నేనే సర్దాను. కొబ్బరాకుతో అల్లిన సంచి. రెండు లుంగీలు, ఆదివారం వేసుకునే తెల్ల చొక్కా, అరటాకులో చుట్టిన కాల్చిన చేమదుంపలు. దుప్పటి కూడా కుక్కబోతే నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

"దుప్పటెందుకే? సవాయి దీవిలో మా తమ్ముడింట్లో చాపలు లేవనుకున్నావా?"

"ఎన్నాళ్ళుంటావు నాన్నా?"

"ఈ దుంపలు అయిపోయేదాకా," అని నవ్వాడు.

ఇదంతా ఒక పాఠం వల్ల వచ్చింది. గాలివానకు బడి కప్పు ఎగిరిపోతే పిల్లల్ని ఊరి సభాశాలలో కూర్చోబెట్టి చెబుతున్నారు. నా కూతురు తలితా రాజధాని ఆపియాలో చదువుకుని వచ్చి, అక్కడ కొత్తగా ఇంగ్లీషు పంతులమ్మ అయింది. ఆపియా నుంచి వచ్చే అధికారి ఎదుట పాఠం చెప్పి మెప్పిస్తేనే ఉద్యోగం ఖాయం. ఊరికి అతిథి వస్తే పెద్దలు రాకుండా ఉంటారా? వచ్చి ఎవరి స్తంభానికి వాళ్ళు ఆనుకుని కూర్చున్నారు. నాన్న కూడా. మా సభలో స్తంభమంటే పెద్దరికం.

తలితా ఏ మాటనైనా ఒంటితో చేసి చూపిస్తుంది. "ఊరికే 'వాక్' అంటే మనిషి కళ్ళకు కట్టడు," అంటూ కాళ్ళీడ్చుకుంటూ నడిచింది. అది 'ట్రడ్జ్'. మునివేళ్ళ మీద నడిచింది. అది 'టిప్‌టో'. ఒక పిల్ల దానికి 'క్వయట్లీ' అని తోక తగిలించింది.

"మునివేళ్ళ మీద పోయేవాడు చప్పుడు చేస్తాడుటే? నడకలోనే నెమ్మది ఉందిగా. ఒట్టి 'వాక్' ఉన్నప్పుడు తగిలించుకో, అక్కడ కావాలి," అంది తలితా.

అధికారి తల ఊపాడు. వెనక కూర్చుని చూస్తున్న నాకు ఊపిరి ఆడింది.

తరువాతి మాట 'స్ట్రైడ్'. ఛాతీ విరుచుకుని, పెద్ద అంగలతో శాల దాటాలి. దారి పెద్దల ఎదుటనుంచే. తలితా బాగానే మొదలుపెట్టింది కాని, వాళ్ళ ముందుకు రాగానే నడుం వంగిపోయింది. చెయ్యి కిందికి చాచి "తులోఉ, తులోఉ" అని మన్నింపు అడుగుతూ దాటింది. కూర్చున్న పెద్దల ముందునుంచి మాలో ఎవరైనా అలాగే పోతారు.

"టీచరమ్మా, అది పీత నడక!" పిల్లలు గొల్లుమన్నారు.

"ఇంకోసారి చూపండి," అన్నాడు అధికారి. మళ్ళీ వంగింది. ఆయన కలం మూత తీశాడు.

"తలితా!" స్తంభం దగ్గరనుంచి నాన్న గొంతు. "తల ఎత్తు. నన్ను చూడకు. నడు."

"తాతా, ఎలాగ..."

"నడవవే. ఇక్కడ పాఠం చెప్పేది నువ్వు, నేను కాదు."

నడిచింది. దాని పావడా అంచు నాన్న ముఖం ముందునుంచి విసురుగా పోయింది. దాని కళ్ళలో నీళ్ళు అధికారికి కనబడలేదు. ఉద్యోగం ఖాయమైంది.

ఆయన కారు మలుపు తిరగ్గానే పెసెటా అనే పెద్ద అందుకున్నాడు. "తుయిలోమా, నీ మనవరాలి వెన్ను ఎప్పుడు బిగుసుకుపోయింది? ఆపియా నీళ్ళ మహిమా?"

"నేనే బిగించాను," అన్నాడు నాన్న.

"అయితే మన ఆచారం ప్రకారం అందరి ముందూ తల మీద చాప కప్పుకుని క్షమాపణ అడగమను."

"చాప కప్పుకున్న పంతులమ్మ మాట రేపు ఏ పిల్ల వింటుంది? నడవమన్నది నేను, తప్పు నాది. నా స్తంభమూ, ఈ ఊరూ వదిలేస్తున్నాను."

పెసెటా ముఖం పాలిపోయింది. "ఏదో మాటవరసకన్నాను, కూర్చోవయ్యా," అని గొణిగాడు. నాన్న అప్పటికే లేచి, వాళ్ళందరి ముందునుంచి నడుం వంచి, "తులోఉ" అంటూ మెట్లు దిగాడు.

రేవుకు పోయే బస్సు దగ్గర తలితా ఆయన చెయ్యి వదలలేదు. "నేను వెళ్ళి వాళ్ళ కాళ్ళ మీద పడతాను తాతా. ఈ ఉద్యోగం నాకొద్దు."

"నోర్ముయ్. పడ్డావంటే నేను పోవడం కూడా దండగే. బడికి వేళవుతోంది, పో."

నేను మాత్రం ఉండమని అనలేకపోయాను. అంటే కూతురు ఓడిపోతుంది. అనకపోతే తండ్రి పోతాడు. బస్సు కదిలేదాకా సంచి మూతి బిగిస్తూనే ఉన్నాను.

స్తంభం ఖాళీగానే ఉంచామని పెసెటా ఎన్నోసార్లు కబురు పెట్టాడు. తలితా తల నెరిసేదాకా మా ఊరి బడిలోనే చెప్పింది. మా నాన్న తుయిలోమా 1971 ఆగస్టులో సవాయి పడవ ఎక్కాడు. మళ్ళీ రాలేదు. 1973 ఏప్రిల్‌లో అక్కడే పోయాడు.